పెట్టెలో లేని ఎర్ర బస్సు

"ఎర్ర బస్సు" అని చిన్నది అన్నప్పుడు డాక్టరమ్మ చెయ్యి దుప్పటి మీదే ఆగిపోయింది. పోయినవారం వాళ్ళిద్దరినీ మనం అక్కడే, ఆసుపత్రి రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం దగ్గర వదిలేసి వచ్చాం.

తెల్లవారితే చిన్నదానికి మెదడు ఆపరేషన్. పేరుకు చిన్నదే గానీ ముప్ఫై దగ్గర పడింది. అక్క ముద్దుగా పిలిచిన పిలుపు అలా అతుక్కుపోయింది. దర్జీ షాపులో స్కూలు పిల్లలకు యూనిఫారాలు కుడుతుంది. చిన్నప్పటి నుంచీ మూర్ఛలు. అవి కిందపడి కొట్టుకునే మూర్ఛలు కావు. ముందు కాలిన గుడ్డ వాసన వస్తుంది, ఎవరో ఇస్త్రీపెట్టెను చొక్కా మీద మరిచిపోయినట్టు. ఆ వెంటనే తలుపు వెనక ఎవరో నిలబడ్డారనిపిస్తుంది. బాగా తెలిసిన మనిషే. పేరు నాలుక చివరే ఉంటుంది. ఇంతలో చిన్నదే ఉండదు. కళ్ళు తెరుచుకునే ఉంటాయి, పెదాలు చప్పరిస్తుంటాయి, వేళ్ళేమో లేని దారప్పోగుల్ని పీకుతుంటాయి. మనిషి మాత్రం ఎటో వెళ్ళిపోతుంది.

"రోజూ వస్తుంది డాక్టరుగారూ, ఒక్కసారీ లోపలికి రాదు. గుమ్మం దాకా వచ్చి పలకరించకుండా పోయేవాళ్ళని మా అక్క అయితే జన్మలో క్షమించదు" అని నవ్వేది చిన్నది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఊరికే మాట కలపడానికే అడిగింది, మొన్నటి పరీక్షలో ఏమేం చూపించారో ఇంకా గుర్తున్నాయా అని. చిన్నది కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఎక్కం అప్పజెప్పినట్టు గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"దువ్వెన, తాళంచెవి, చెంచా, కొవ్వొత్తి, కత్తెర, అద్దం, గవ్వ, ఎర్ర బస్సు."

గది అంతా ఎప్పటిలాగే ఉంది. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. పక్క మంచం ముసలావిడ గురక పెడుతోంది. డాక్టరమ్మ ఒంట్లో మాత్రం ఎక్కడో చన్నీళ్ళు పోసినట్టయింది. ఆ ఎర్ర బస్సు ఆమెకు తెలుసు. బొటనవేలంత రేకు బొమ్మ, ఒక చక్రం వదులు. అది ఎవరి చొక్కా జేబులో ఉంటుందో కూడా తెలుసు. చిన్నదాని పరీక్ష నాటికి అది పరీక్ష వస్తువుల పెట్టెలో ఉండే అవకాశమే లేదు.

"బాగా చెప్పానా?" అంది చిన్నది.

"చాలా బాగా చెప్పావు" అని లేచింది డాక్టరమ్మ. నేరుగా మెట్ల వైపు నడిచింది.

* * *

పరీక్షల గది మెట్ల కింద ఉంటుంది. అక్కడ పనిచేసే అమ్మాయి సంచి భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరబోతోంది.

"ఒక్కసారి ఆ పెట్టె తియ్యి" అంది డాక్టరమ్మ.

ఆ పరీక్షలో పెద్ద రహస్యమేమీ లేదు. మన జ్ఞాపకాలను దాచే గదులు మెదడులో రెండు, కుడి కణత లోపల ఒకటి, ఎడమ కణత లోపల ఒకటి. సముద్రపు గుర్రంలా వంపు తిరిగి ఉంటుంది ఒక్కోటి. దాని ముందు బాదంపప్పంత ముద్ద, భయాలకు కాపలాదారు. చిన్నదానికి కుడివైపువి రెండూ పాడయ్యాయి, మూర్ఛ పుట్టేది అక్కడే. వాటిని తీసేస్తే మూర్ఛ పోతుంది. అయితే తీసేశాక ఎడమ గది ఒక్కటే సంసారం ఈదగలదా? అది తెలుసుకోవడానికే ఈ పరీక్ష. సన్నటి గొట్టంలోంచి మందు పంపి కుడి సగాన్ని కాసేపు నిద్రపుచ్చుతారు. మేలుకున్న ఎడమ సగానికి పెట్టెలోంచి ఒక్కో వస్తువూ తీసి చూపిస్తారు. మందు దిగాక ఏం చూశావని అడుగుతారు. చెప్పగలిగితే ఎడమ గది పనిచేస్తున్నట్టే.

అమ్మాయి ఒక్కోటి తీసి బల్ల మీద పెట్టింది. దువ్వెన, తాళంచెవి, చెంచా, కొవ్వొత్తి, కత్తెర, అద్దం, గవ్వ. చివరగా ఒక ఈల.

"ఈల చూపించావా ఆ పిల్లకి?"

"ఊది మరీ చూపించాను మేడమ్. నవ్వింది కూడా."

"తర్వాత అడిగితే?"

"ఈల గుర్తులేదంది. దాని బదులు ఏదో బస్సు అంది. మత్తులో ఒకటి అటూ ఇటూ అవుతుంది కదా అని వదిలేశాను. మొత్తానికి ఎనిమిదికి ఏడు, మంచి మార్కులే."

మార్కులు. డాక్టరమ్మ ఈలను చేతిలోకి తీసుకుంది. పెట్టెలో ఉన్నవాటిలో కొత్తది ఇదొక్కటే. మిగతావి ఏళ్ళ తరబడి మారలేదు. చిన్నది మరిచిపోయింది ఈ ఒక్కదాన్నే. లేనిదాన్ని మాత్రం గుర్తుపెట్టుకుంది.

"ఆ పిల్ల అక్క ఎక్కడుంది?" అంది.

* * *

చిన్నదాని అక్కను వార్డంతా టీచరమ్మ అనే పిలుస్తారు. ఆవిడ గుసగుసలాడినా చివరి బెంచీదాకా వినపడుతుంది. చీటికీ మాటికీ నర్సుల చేతిరాత దిద్దుతుంది. డాక్టరమ్మ గదిలోకి వచ్చి, కుర్చీ అంచున నిటారుగా కూర్చుంది.

"మీ చెల్లికి ఎర్ర బస్సు గురించి ఎవరు చెప్పారు?" అంది డాక్టరమ్మ.

టీచరమ్మ దాచలేదు. దాచవలసిన విషయమని ఆవిడకు తోచలేదు.

"నేనే. ఏం, అది రాలేదా పరీక్షలో?"

"మీకెలా తెలుసు?"

"ప్రతి పరీక్షకీ పాత ప్రశ్నపత్రం ఉంటుంది డాక్టరుగారూ. దాన్ని సంపాదించడమే టీచరు చేసే మొదటి పని. దీన్ని ఈ ఆసుపత్రికి తిప్పడం మొదలుపెట్టిన రోజు నుంచీ అడుగుతూనే ఉన్నాను, మీవాళ్ళకి ఏం చూపించారు, మీవాళ్ళకి ఏం చూపించారు అని. చాలామందికి గుర్తులేదు. మంగళవారాలు వస్తుందే, గడియారాల ఆయన భార్య, ఆవిడ వరసగా చెప్పింది. ఆవిడ బంగారం. మా చిన్నదాని చేత పొద్దునా సాయంత్రం వల్లె వేయించాను. బస్సులో, మెట్ల మీద, తల దువ్వుతూ కూడా. మొద్దు కాదది. నెల తిరిగేసరికి పట్టేసింది."

ఒక్క అక్షరం రావడానికి నెల్లాళ్ళు పట్టే పిల్లలను ఒడ్డెక్కించిన గర్వం ఆ గొంతులో ఉంది. డాక్టరమ్మకు కోపం రావాలి. రాలేదు. ఎనిమిది మాటలకు నెల పట్టిందన్నదే చెవిలో గింగురుమంటోంది.

"టీచరుగారూ, అది పాసవ్వాల్సిన పరీక్ష కాదు."

"పాసవ్వకపోతే ఆపరేషన్ చెయ్యనన్నారుగా. ఆ మాట మీరే అన్నారు."

"అన్నాను."

"మరి?" టీచరమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "బాత్రూం గడియ నేనే పీకేశాను. పొయ్యి ముట్టుకోనివ్వను. బడిలో పాఠం చెబుతున్నా చెవి ఫోన్ మీదే. మిషన్ సూది దాని వేల్లోంచి దిగిపోయినప్పుడు అది పెదాలు చప్పరిస్తూ కూర్చుంది. ఏడవను కూడా లేదు. నేనెన్నాళ్ళుంటాను? నేను పోయాక రోడ్డు దాటించేదెవరు? మా దగ్గర ఉన్నది ఈ ఒక్క దారి. దానికి పరీక్ష పెట్టారు. పరీక్షంటే నాకు తెలిసింది నేను చేశాను."

డాక్టరమ్మ తన కుర్చీని ఆవిడ వైపు జరుపుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఇంట్లో రెండు గదులున్నాయనుకోండి. కుడి గదిలో మంటలు లేస్తున్నాయి. దాన్ని పడగొట్టమని నన్ను పిలిచారు. పడగొట్టే ముందు ఎడమ గదిలో దీపం ఉందో లేదో చూడాలి నేను. మీరు కిటికీలోంచి లోపలికి టార్చి వేశారు. నేను వెలుగు చూసి, దీపముందని నమ్మాను."

టీచరమ్మ కుర్చీలో వెనక్కి జరిగింది.

"మీ చెల్లి అప్పజెప్పినవి మత్తిచ్చిన ఆ పది నిమిషాల్లో చూసినవి కావు. నెలరోజులు మీరు నూరిపోసినవి. ఆ పది నిమిషాల్లో ఆమె చూసిన కొత్త వస్తువు ఒక్కటే, ఈల. అది నిలవలేదు. రేపు నేను కుడి గది తీసేస్తే, ఆ తర్వాత ఆమె కలుసుకునే ఏ మనిషీ నిలవకపోవచ్చు."

"లేదు." టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. "మీరు భయపెడుతున్నారు. గడియారాల ఆయనకి చేసింది మీరే కదా? ఆయనకిప్పుడు మూర్ఛలు లేవని ఆవిడే చెప్పింది. ఎంత మర్యాదస్తుడు. పోయిన మంగళవారం వరండాలో కూర్చుని నా వాచీ బాగుచేసిచ్చాడు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, కబుర్లు చెబుతూ. పైసా పుచ్చుకోలేదు. ఆయనకేం లోటు?"

డాక్టరమ్మ లేచి తలుపు తీసింది.

"ఇవాళ మంగళవారమే. రండి."

* * *

గడియారాల ఆయన గురించి డాక్టరమ్మ ఎవరితోనూ మాట్లాడదు. తనతో తాను మాత్రం మాట్లాడుకుంటూనే ఉంటుంది.

కణత లోపలి లోతుకు దారులు మూడు. మెదడు పైపొరను కోసుకుని ఎదురుగా వెళ్ళడం ముందు వాకిలి. మెదడును అడుగు నుంచి కాస్త ఎత్తి, పుర్రె నేలను పట్టుకుని పోవడం దొడ్డిదారి. మూడోది సందు. మెదడులో రెండు మడతల మధ్య పుట్టుకతోనే వచ్చిన సందు ఒకటుంది. అందులో రక్తనాళాలు చిక్కుబడి ఉంటాయి. సాలెగూడులాంటి పొరను సూక్ష్మదర్శినిలో చూస్తూ పోగు పోగుగా విప్పుకుంటూ పోతే, పైపొరను గాయపరచకుండా లోపలికి దిగవచ్చు. ఓపిక కావాలి. వణకని చెయ్యి కావాలి. ఆ దారిలో ఆమెకు ఎదురులేదని పేరు. చిన్న డాక్టర్లు చాటుగా సందు డాక్టరమ్మ అనుకుంటారు.

గడియారాల ఆయనకూ సందులోంచే వెళ్ళింది. అంత చక్కటి ఆపరేషన్ ఆమె మళ్ళీ చెయ్యలేదు. ఒక్క నాళం చిట్లలేదు. తియ్యవలసింది తప్ప గింజంత ఎక్కువ తియ్యలేదు. మర్నాడు ఆయన కళ్ళు తెరిచి, నమస్కారం పెట్టి, "మీరెవరమ్మా?" అన్నాడు. ఆ మర్నాడూ అదే అన్నాడు. మూడేళ్ళుగా ప్రతి మంగళవారం అదే అంటున్నాడు.

మూడేళ్ళుగా ఆమె కళ్ళు మూసుకుంటే చాలు, ఆ సందులోకి దిగుతుంది. ఎక్కడ తప్పాను? ఏ మలుపులో? అన్నం తింటూ దిగుతుంది. ఎవరితోనో మాట్లాడుతూ మధ్యలో దిగుతుంది. ప్రతిసారీ దారి శుభ్రంగా ఉంటుంది. ప్రతిసారీ చివర్లో ఆయన నమస్కారం పెడుతూ నిలబడి ఉంటాడు.

వరండా చివరి బెంచీ మీద ఆయన ఒక్కడే కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, పాపిట తీసిన తల. వాళ్ళను చూసి లేచి నిలబడ్డాడు.

"నమస్కారమమ్మా. ఇక్కడ డాక్టరుగారు ఎప్పుడొస్తారో మీకేమన్నా తెలుసా? మా ఆవిడ మందులు తేవడానికి వెళ్ళింది."

డాక్టరమ్మ తలవంచుకుంది. టీచరమ్మ ముందుకెళ్ళింది.

"బాగున్నారా అన్నయ్యగారూ? నేను, టీచర్ని. పోయిన మంగళవారం..."

"టీచరా? మంచిదమ్మా, మంచిది. మీ పిల్లలెవరన్నా ఇక్కడ చేరారా?" అన్నాడు ఆప్యాయంగా. పోయిన మంగళవారం కూడా సరిగ్గా అలాగే, అంతే ఆప్యాయంగా అడిగాడని టీచరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన చూపు ఆవిడ మణికట్టు మీద పడింది. "ఏదీ, ఆ వాచీ ఒకసారి ఇటివ్వండి."

ఆవిడ తీసిచ్చింది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తిప్పి వెనక మూత మీద వేలు రాశాడు. మొహం వికసించింది.

"ఎవరో మంచి పనిమంతుడి చెయ్యి పడిందమ్మా దీని మీద. చూడండి, గీత పడకుండా మూత తీశాడు. ఈ రోజుల్లో ఇంత ఓపిక ఎవరికుంది? ఎవరు చేశారు?"

టీచరమ్మ గొంతులోంచి, వరండా పొడవునా వినపడే ఆ గొంతులోంచి, గాలి మాత్రమే వచ్చింది.

"మీరే."

"నేనా?" ఆయన పెద్దగా నవ్వాడు. "నేను చేస్తే నాకు తెలీదా?"

నవ్వు మధ్యలో ఆగింది. ఆయన వాచీ వైపు చూశాడు, తన వేళ్ళ వైపు చూశాడు, వాళ్ళిద్దరి మొహాల్లోకి చూశాడు. తలుపు వెనక ఎవరో కదిలినట్టు ఆయన మొహంలో ఒక నీడ వచ్చి నిలబడింది. వేళ్ళు జేబులో తడుముకున్నాయి. ఎర్ర రేకు బస్సు ఒకటి బయటికొచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఎవరి పిల్లాడిదో పాపం, నా జేబులోకొచ్చింది. ఏడుస్తుంటాడు. మీ పిల్లలదేమో చూడండి."

ఆ బస్సు మూడేళ్ళ కిందట, తన పరీక్ష రోజున, ఆయనే అడిగి పుచ్చుకున్నాడు, మనవడికిస్తానని. ఆ చోటు నింపడానికే పెట్టెలోకి ఈల వచ్చింది.

* * *

టీచరమ్మ వాచీ తీసుకుని, బెంచీకి నాలుగడుగుల అవతల కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. చాలాసేపటికి వాచీ చేతికి పెట్టుకోబోయింది గానీ కొక్కెం పడలేదు. డాక్టరమ్మే పెట్టింది.

"ఆపెయ్యండి" అంది టీచరమ్మ. "రేపు వద్దు."

"మిమ్మల్ని పిలిచే ముందే ఆపేశాను. కొత్త వస్తువులతో మళ్ళీ పరీక్ష చేస్తాం. ఆ వస్తువులేమిటో ఈసారి నాకు కూడా తెలియనివ్వను."

"అందులో తప్పితే?"

"తప్పితే కత్తి పట్టను. మందులు మారుస్తాను, ఇంకో ఉపాయం వెతుకుతాను. మూర్ఛ ఉన్న మనిషైనా మీకు మిగులుతుంది."

"దానికి నేను చెప్పలేను. గుండు కూడా చేయించుకుంది. పొద్దున నన్ను చూసి, ‘అక్కా, రేపటి నుంచి ఆ తలుపు వేసేద్దాం’ అంది."

"నేనూ వస్తాను. ఇద్దరం చెబుదాం."

ఇద్దరూ అడుగు వేశారు. అప్పుడు డాక్టరమ్మకు ఒక చిన్న సందేహం వచ్చింది. ముల్లు లాంటిది. అడగకుండా ఊరుకుంటే బాగుండేదేమో.

"గడియారాల ఆయన భార్యకు ఇన్నేళ్ళయ్యాక కూడా ఆ వస్తువులన్నీ అంత వరసగా ఎలా గుర్తున్నాయి?"

టీచరమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"గుర్తుండక? నేర్చుకున్నవాళ్ళు మరిచిపోతారు గానీ నేర్పినవాళ్ళు మరిచిపోతారా?"

"నేర్పడమేమిటి?"

"వాళ్ళాయనకి. పరీక్షకి ముందురోజు ఎవరో ఆ పెట్టె బల్ల మీద పెట్టి అటు వెళ్ళారట. ఆవిడ మూత తీసి చూసుకుని, ఆ పూటంతా ఆయన చేత అప్పజెప్పించిందట. ‘ఎనిమిదికి ఎనిమిది తెప్పించాను టీచరుగారూ, మీరూ అలాగే చెయ్యండి’ అంది. ఆ ధైర్యంతోనేగా నేను..." చెబుతూ చెబుతూనే టీచరమ్మ మాట సన్నబడింది. తను చెబుతున్నదేమిటో అప్పుడే ఆవిడకు అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మీకు తెలుసనుకున్నాను."

డాక్టరమ్మ గోడకు ఆనుకుంది. కళ్ళు మూసుకోకుండానే ఆ సందు కనపడింది. దారి పొడవునా దీపాలు పెట్టినట్టు స్పష్టంగా ఉంది. తప్పు అందులో ఎక్కడా లేదు. ఎన్నడూ లేదు. తప్పు తనది కాదని తేలినా దిగిపోవలసిన బరువు దిగలేదు. ఆ బరువు చేతులు మారడానికి సిద్ధమై, ఇంకో మనిషి కోసం చూస్తూ నిలబడింది.

ఆ మనిషి వరండాలోకి మందుల సంచీతో వస్తోంది. అరిగిన చెప్పులు, భుజం మీద ఫ్లాస్కు. దూరం నుంచే నవ్వుతోంది. దగ్గరికొచ్చి, భర్త కాలరు సరిచేసి, ఆయన చేతిలోని బస్సును తిరిగి జేబులో పెట్టి, డాక్టరమ్మ వైపు తిరిగింది. ప్రతి మంగళవారం అడిగేదే అడిగింది. నిష్ఠూరం లేకుండా, ఎండెలా ఉందని అడిగినట్టు.

"నాకదే అర్థం కాదు డాక్టరమ్మా. పరీక్షలో ఎనిమిదికి ఎనిమిది వచ్చాయే. మరెందుకిలా అయింది?"

ప్రతి మంగళవారం డాక్టరమ్మ చెప్పే జవాబు ఒక్కటే. ‘తెలీదమ్మా’ అని. మూడేళ్ళుగా అది నిజం. ఇవాళ్టి నుంచి కాదు.

వెనక నుంచి టీచరమ్మ ముందుకొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. పిల్లలు తప్పు చేస్తే దాచకూడదని ఇరవయ్యేళ్ళుగా పాఠం చెప్పిన మనిషి.

"వదినా, నేను చెబుతాను..."

డాక్టరమ్మ చెయ్యి చటుక్కున వెళ్ళి ఆవిడ మణికట్టును పట్టుకుంది. వేళ్ళ కింద వాచీ టిక్కుటిక్కుమంటోంది.

గడియారాల ఆయన భార్య ఆ చేతిని చూసింది. నవ్వు నెమ్మదిగా చెదిరిపోయింది. ఫ్లాస్కును బెంచీ మీద పెట్టింది.

"ఏమిటది డాక్టరమ్మా?" అంది. "నాకేం చెప్పొద్దంటున్నారు?"